బరువు కింద చర్మం

"వదినా, ఇలా రా. ఇది చూశావా?"

ఆదివారం పూట ల్యాబుకెళ్ళి, అక్కడ పెంచే చర్మకణాలకు మేత వేసి వచ్చిందామె. ఇంకా చెప్పులైనా విప్పలేదు. లోపలి గదిలో ఆడపడుచు తల్లిని ఓ పక్కకి ఒత్తిగిల్లబెట్టి, నైటీ పైకెత్తి పట్టుకుంది. మంచం దిగలేని అత్తగారి నడుం కింద, ఎముక ఒత్తుకునే చోట చర్మం నల్లగా కమిలి, నడిమధ్య పుండై నోరు తెరిచింది. భర్త గుమ్మం దగ్గరే నిలబడి, గోడవైపు మొహం పెట్టి అన్నాడు: "మహాతల్లి! లోకంలో వాళ్ళందరికీ చర్మం పెంచుతుంది. మా అమ్మ వీపు మాత్రం కనబడలేదు."

"ఊరికే అంటారా మా పిల్లలు తోలు డాక్టరమ్మ అని!" ఆడపడుచు మూతి విరిచింది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదామెకి. ఎర్రబడ్డప్పుడు చూసింది కదా, పౌడరు అద్దింది కదా! పొద్దున తనే అత్తగారిని పక్కకి తిప్పుతుంది, రాత్రి తనే తిప్పుతుంది. పగలు మాత్రం పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చునే భర్తకి అప్పజెప్పింది. "తిప్పారా?" అని ఫోను చేస్తే "ఆఁ ఆఁ" అన్నాడు. నమ్మింది. తప్పు తనదే అనుకుంది. ఆడదానికి ఇది బాగా అలవాటైన లెక్క, తేలింది ఏదైనా సరే తప్పు తన ఖాతాలోనే.

ఆమె పని చర్మం పెంచడమే, అది నిజం. ఒంట్లో కరిగిపోయే పాలిమర్‌ని ద్రావకంలో కలిపి, సూదిలోంచి కరెంటుతో లాగితే, వెంట్రుకకన్నా సన్నటి దారాలై పరుచుకుంటుంది. చూడ్డానికి పాల మీద మీగడ. ఆ దారాల అల్లికే చట్రం. దాని మీద కణాల్ని నాటితే దారాలు పట్టుకుని పాకుతాయి, అల్లుకుంటాయి. వాటి కాళ్ళ మీద అవి నిలబడేసరికి చట్రం కరిగిపోతుంది. సెలవైనా జ్వరమైనా కణాలకి మేత మానకూడదు. ఆ వంతు ఎప్పుడూ ఈమెదే. "పిల్లల్ని పెంచిన చెయ్యి, మీకైతే బతుకుతాయి మేడం" అంటాడు ల్యాబు పెద్దసారు. మగాడు ముట్టుకుంటే చచ్చే కణాలు ఎక్కడున్నాయో ఆయన్నే అడగాలి. అడగలేదు. మెప్పనుకుంది, పిచ్చిది.

మర్నాడు ల్యాబు నుంచి వస్తూ ఒక చట్రం ముక్క డబ్బాలో దాచి తెచ్చింది. శుద్ధి చేయనిది, మనిషి ఒంటి మీద ఒక్కసారైనా పరీక్షించనిది. ఇంకెవరైనా ఈ పని చేస్తే తనే బయటికి గెంటేది. కానీ ఆడపడుచు మళ్ళీ వచ్చేలోగా ఆ పుండు మాయమవ్వాలి, అంతే. సిగ్గు మనిషిని దొంగని చేస్తుంది.

అత్తగారిని పక్కకి తిప్పి, పట్టకారుతో ముక్క పైకి తీసింది.

"ఏంటే అది?" అంది అత్తగారు.

"చర్మం మొలిపించే గుడ్డ అత్తయ్యా."

చెయ్యి పుండు మీదికి వెళ్ళింది, ఆగింది. ల్యాబులో కొత్తగా చేరిన వాళ్ళకి తనే చెబుతుంది, ఎంత మంచి చట్రమైనా పైన బరువుంటే నెత్తురందదు, కణం చస్తుందని. మరి ఇది అతికించి, మళ్ళీ దీని మీదే పడుకోబెడితే?

"అత్తయ్యా, పగలు మిమ్మల్ని ఎవరు తిప్పుతున్నారు?"

"ఎవరు తిప్పుతారే! నువ్వొచ్చేదాకా ఇలాగే."

"ఆయన ఉన్నారుగా?"

"వాణ్ణా? మగపిల్లాడే! తడిసినా పిలవను, సిగ్గు చచ్చిపోతుంది. ఒక్కసారి ఉండబట్టలేక పిలిచాను. చెవుల్లో అవేవో పెట్టుకుని తలుపేసుకున్నాడు. వాడికీ సిగ్గేగా, పాపం."

పాపమట! తల్లికి సిగ్గు, కొడుక్కి సిగ్గు. వాళ్ళిద్దరి సిగ్గు మధ్య నలిగి కుళ్ళింది వీపు. తల దించుకోవాల్సింది మాత్రం కోడలు. నిన్నంతా దించుకుంది కూడా.

చట్రం ముక్కని చెత్తబుట్టలో పడేసింది.

"ఏమండీ! చేతులు కడుక్కుని ఇలా రండి."

వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి గోడకేసి చూశాడు. "ఏంటి? కాల్‌లో ఉన్నాను."

"అత్తయ్యని అటు తిప్పాలి. పట్టండి."

"నేనా? అమ్మని, ఇలా ఉండగా... నీకు సిగ్గు లేదూ?"

"ఉంది. నిన్న మీ వాటా కూడా నేనే పడ్డాను. ఈ ఒంట్లోంచి వచ్చింది మీరు, నేను కాదు. ఒక చెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద. పగలు రెండు గంటలకోసారి. రేపు నర్సుని పిలిపిస్తాను, కట్టు కట్టడం మీకే నేర్పుతుంది."

"అమ్మా, నువ్వైనా చెప్పవే!"

కోడలు అత్తగారి మొహంకేసి చూసింది. ఈవిడ 'వద్దులే' అంటే అయిపోయినట్టే, మళ్ళీ మొదటికే.

"వాడి చేతులు చిన్నప్పట్నుంచీ చల్లనే" అంది అత్తగారు, కళ్ళు మూసుకుని. "రుద్దుకోరా ముందు."

అతను అరచేతులు రుద్దుకున్నాడు. గోడవైపు కాకుండా, మొదటిసారి ఇటు చూశాడు. పుండు చూసి పెదవి కొరుక్కున్నాడు. ఎత్తలేక ఎత్తుతుంటే అలవాటుకొద్దీ ఆమె చెయ్యి ముందుకెళ్ళింది.

వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

వీపు కింద గాలాడింది.