వేర్లకు పసుపు

తడిగుడ్డ ఎత్తి చూడటానికి కుల్సుంకి ధైర్యం చాలలేదు. దొడ్లో నీళ్ల తొట్టి వెనక, గోడ నీడలో దాచిన కుండీ ముందు గొంతుక్కూర్చుని, "యా అల్లా" అనుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో చూసింది. ఆర్కిడ్ మొక్క నిన్నటిలాగే ఉంది. మిగిలిన రెండాకులూ వాడిన తమలపాకుల్లా వేలాడుతున్నాయి. తను అద్దిన పసుపు కోసిన వేర్ల మొదళ్ల మీద అట్టకట్టింది. చచ్చిందో బతికిందో చెప్పదు, ఏం మొక్కో పాడు మొక్క.

రొమ్ము కింద కలుక్కుమంది. భయం, అనుకుంది. ఈమధ్య అది పొద్దున్నే వచ్చి పలకరిస్తోంది.

భయం ఆమెకు కొత్త కాదు. నరసరావుపేటలో ఎన్నిళ్లలో పనిచేసిందో అన్ని రకాల భయాలూ తెలుసు. ఒక ఇంట్లో పిల్లి గాజుగిన్నె పగలగొడితే ఆ నింద తను మోసుకుని బయటికొచ్చింది. మొగుడు బతికున్నన్నాళ్లూ అతని అడుగుల చప్పుడంటే భయం, పోయాక రాత్రిపూట తలుపు చప్పుడంటే భయం. చివరికి ఈ సీతారావమ్మ ఇంట్లో కుదురుకుంది. ఒకప్పటి టీచరమ్మ, ఇప్పుడు చూపు పోయి, కాళ్లు పడిపోయి మంచంలో ఉంది. గుంటూరులో ఉన్న కూతురు ఫోన్లో పలకరిస్తుంది. కుల్సుంకి తిండీ నిద్రా ఇక్కడే. పొమ్మంటే తమ్ముడింటి వసారా తప్ప దిక్కులేదు. మరదలి నోటి సంగతి పేటంతా ఎరిగినదే.

అలాంటి మనిషి తన పని తను చూసుకుని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. సీతారావమ్మ ప్రాణంగా పెంచుకున్న ఆ ఆర్కిడ్ కుండీలో బొగ్గుముక్కలూ కొబ్బరిపీచూ తప్ప పిడికెడు మట్టి లేదు. వేర్లు బయటికి పాకి గాల్లో వేలాడుతున్నాయి. మిరపనారు నాటి పెరిగిన చేతులాయె, చూస్తూ ఎలా ఊరుకుంటాయి? వేరు బయటపడితే మట్టి కప్పడమే ఆమెకు తెలిసిన దయ. పుట్టింటి అచ్చంపేట పొలం నుంచి సంచిలో నల్లరేగడి తెచ్చి, పెంటఎరువు కలిపి, గట్టిగా నొక్కి, చెంబుడు నీళ్లు పోసింది. రోజూ పోసింది. ఆకలిగొన్న బిడ్డకు కడుపునిండా పెట్టినట్టు సంబరపడింది. వేర్లు కుళ్లి వాసన కొట్టేదాకా ఆ సంబరం సాగింది.

తీసుకెళ్లి చూపిస్తే, ఆమెను పిన్ని వరసతో పిలిచే నర్సరీ అక్రం తల కొట్టుకున్నాడు.

"ఇది చెట్టు మాను పట్టుకుని గాలి పీల్చి బతికేది ఖాలా. దీనికి బతికుండగానే గోరీ కట్టావు."

అతను చెప్పినట్టే కుళ్లిన వేర్లన్నీ కత్తిరించి, కోతలకు పసుపు అద్ది, మొక్కను బొగ్గుముక్కల మీద నిలబెట్టి, తడిగుడ్డ కప్పి దాచింది. అప్పటినుంచీ ఆమె పని దొంగకు తేలు కుట్టినట్టుగా ఉంది.

జావ తాగిస్తుంటే సీతారావమ్మ అడిగింది.

"ఏమే, నా మొక్క ఎట్టుంది?"

"బాగుందమ్మా. చానా బాగుంది."

"అయితే ఇవాళ తెచ్చి నా ఒళ్లో పెట్టు. చేత్తో చూసుకుంటా."

కుల్సుం చేతిలో చెంచా ఆగిపోయింది. "పని కానీమ్మా, తెస్తా."

పని కాకుండా చూసుకుంది. ఉతికిన దుప్పటే మళ్లీ ఉతికింది. తోమిన గిన్నెలే తోమింది. కందిపప్పులో లేని రాళ్లు ఏరింది. ఎడమ భుజం లాగేస్తుంటే దుప్పటి పిండినందుకేమో అనుకుంది. చెమటలు పడితే మళ్లీ భయమే అనుకుంది. బతుకంతా ప్రతి దడకూ ఆ ఒక్క పేరే పెట్టుకున్న మనిషి ఇంకో పేరు ఎక్కడ వెతుకుతుంది?

ఎన్ని సాకులని చెబుతుంది? పొద్దు వాలే వేళకు గుండె అరచేత పట్టుకుని కుండీ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. గోడకు ఆనుకుని నిలబడింది.

సీతారావమ్మ వేళ్లు ఆకులను తడిమి కిందికి దిగాయి. కత్తిరించిన మొదళ్ల దగ్గర ఆగాయి.

"ఇటు చెయ్యివ్వు."

కొడుతుందేమో అనుకుంటూనే ఇచ్చింది. ముసలామె ఆమె చూపుడువేలు పట్టుకుని కాండం పక్కన ఆనించింది. బియ్యపుగింజంత మొన, చల్లగా, గట్టిగా తగిలింది. ఒంటికన్నుతో బెదురుతూ చూసినప్పుడు అది కనబడలేదు.

"కొత్త వేరు పుట్టిందే. బతికింది."

కుల్సుం కూలబడి ఏడ్చింది. "నేనే మట్టి పెట్టానమ్మా. మట్టి లేకుండా చెట్టు ఎట్టా బతుకుద్ది అనుకున్నా."

"తెలుసు. కళ్లు పోయినయ్యి గానీ ముక్కు పోలేదు. కుళ్లు కంపు మంచం దాకా వచ్చింది."

"మరి అడగలేదేందమ్మా?"

సీతారావమ్మ కుండీ అంచు తడుముతూ అంది.

"అడిగితే నొచ్చుకుని వెళ్లిపోతావేమోనని. నువ్వు లేకపోతే నన్ను లేపి కూర్చోబెట్టేదెవరే? భయమేసి నోరు మూసుకున్నా."

తనంటే భయపడే మనిషి ఈ లోకంలో ఒకరు ఉంటారని కుల్సుంకి ఎన్నడూ తోచలేదు. నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఒళ్లంతా తేలికైంది.

"నేనేడికి పోతానమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ.

"టీ పెట్టు. నీకూ తెచ్చుకో. ఇక్కడే కూర్చుని తాగు."

వంటింట్లో టీ మరుగుతుండగా కుల్సుం గుండెల మీద చెయ్యి వేసుకుంది. భయం పోయింది, నిజంగానే పోయింది. నొప్పి మాత్రం పోలేదు. ఇదేందిది, అనుకుంది. టీ రెండు గ్లాసుల్లోకి వడపోసి, స్టవ్ ఆపి, ఒక్క నిమిషం కూర్చుందామని గోడకు జారగిలబడింది.

గదిలోంచి సీతారావమ్మ పిలిచింది. మళ్లీ పిలిచింది. తర్వాత ఆమె గొంతు మారింది.

"ఏమే కుల్సుం, నేను తిట్టలేదే. నాకు కోపం లేదే. వెళ్లిపోయావా?" లేవలేని మనిషి, ఒళ్లో కుండీని రెండు చేతులా పట్టుకుని, చెవులు రిక్కించి వింది. "మొక్క పోతే పోనీ. నువ్వు రా."

ఆ కేకలు విని పక్కింటి అలివేలమ్మ వచ్చింది. వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. కుల్సుం కొంగు సర్దుకుని కూర్చున్నట్టే ఉంది. అలివేలమ్మ వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, పైటతో నోరు మూసుకుంది.

"అలివేలూ, అది ఇంట్లోనే ఉందా?" లోపలినుంచి సీతారావమ్మ అడుగుతోంది. "ఉందా లేదా, చెప్పవేం?"

జవాబు చెప్పడానికి అలివేలమ్మకు భయమేసింది. స్టవ్ పక్కన రెండు గ్లాసుల్లోనూ టీ మీద మీగడ కట్టింది, ఒక గ్లాసుకు పసుపు వేలిముద్ర అంటి ఉంది.