ముందు పెట్టిన సున్నా

మా జిన్నారం మందుల ఫ్యాక్టరీలో యాదన్నను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "తొమ్మిది నంబర్" అంటే చాలు, పలుకుతాడు. పందొమ్మిదేళ్ల కింద, గేటు తెరిచిన నెలలోనే చేరిన కాంట్రాక్టు కార్మికుడు. రిటైర్ కావడానికి ఇంకో ఏడాది ఉంది. ఈలోపు పర్మినెంట్ అయితే చాలనేది ఆయన ఆశ.

నూట ఇరవై మందిలో సీనియర్లు ఇరవై మందిని పర్మినెంట్ చేస్తామని కంపెనీ చెప్పింది. టోకెన్ నంబర్లు చేరిన వరుసలో ఇచ్చినవే కాబట్టి ఆ ఇరవై మంది ఎవరో చిన్నపిల్లలైనా చెప్పగలరు. మా హెచ్ఆర్ మేనేజర్ మురళీమోహన్ గారు మాత్రం పిల్లలను నమ్మరు, కంప్యూటర్‌ను నమ్ముతారు. కార్మికుల ఫోటోలను టోకెన్ నంబర్ల పేరుతో దాచిన ఫోల్డర్ తెరిచి, పైనుంచి ఇరవై పేర్లు తీసి నోటీసు బోర్డు మీద అంటించారు.

ఒకటి, పది, వంద, నూట ఒకటి... ఇలా సాగింది సీనియర్ల జాబితా. నిరుడు చేరిన నూట పదహారో నంబరు సందీప్ ఉన్నాడు. రెండు లేదు, తొమ్మిది లేదు.

యాదన్న టైమ్ ఆఫీసుకు వచ్చాడు. అక్కడ క్లర్కును నేనే.

"బిడ్డా సునందా, తొలి బంతిల కూసున్నోన్ని లేపి ఆఖరి బంతికి రమ్మంటున్నరేంది?"

నాకు ఒళ్లు మండింది. నేరుగా మేనేజర్ గారి దగ్గరికి వెళ్లాను. "సార్, కంప్యూటర్ ఈ నంబర్లను అక్షరాల లెక్క చూస్తది. ఒకటితోని మొదలైనయి అన్నీ అయినంకనే రెండు దిక్కు పోతది. తొమ్మిదిని సున్నా సున్నా తొమ్మిది అని రాస్తే వరుస సక్కగైతది" అన్నాను.

ఆయన మెచ్చుకున్నారు కూడా. కానీ ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. ఫైలు పేరు మారితే గుర్తింపు కార్డూ మారాలన్నారు, కార్డు మారితే రిజిస్టరూ మారాలన్నారు. సాయంత్రానికి తొంభై తొమ్మిది మందికి కొత్త నంబర్లు వచ్చాయి. ఈసారి పొరపాటు జరగకూడదని జాబితాను చేరిన తేదీ ప్రకారం తీయించారు.

కొత్త నంబరు కనబడగానే కంప్యూటర్ కొత్త మనిషనుకుంది. చేరిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ వేసుకుంది. సున్నా అక్కర్లేని వంద నుంచి నూట పందొమ్మిది దాకా ఇరవై మంది ఫ్యాక్టరీకి పెద్దలైపోయారు.

"చూశారా, ఇప్పుడు వరుస ఎంత శుభ్రంగా ఉందో!" అన్నారు మురళీమోహన్ గారు. హెడ్డాఫీసు సంతకం కూడా అయిపోయింది.

అంకెకు ముందు సున్నా పెడితే విలువ మారదని బడిలో చదువుకున్నాను. ఆ మాట నమ్మి సున్నాలు పెట్టమన్నది నేనే. సిగ్గుతో యాదన్న ముఖం చూడలేకపోయాను.

మరునాడు కొత్తగా చేరినవాళ్ల శిక్షణకు ఆయన్ను పిలిచారు. నేర్పాల్సింది సీనియర్ సందీప్. నిరుడు అతనికి వాల్వు తిప్పడం నేర్పింది యాదన్నే.

"కాకా, జెర నువ్వే చెప్పరాదు" అన్నాడు సందీప్.

యాదన్న వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

"నాకేం తెలుసు కొడుకా? నేను నిన్ననే చేరిన."