నన్ను ఏ భాషలో రాయాలి?

నేను ఒక గొంతును. కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరాలు కనబడితే వాటిని పైకి చదివే ప్రోగ్రాంను. నా పేరు పలుకు. చూపున్నవాళ్లకు నాతో పెద్దగా పనిలేదు. లేనివాళ్లకు మాత్రం పుస్తకమూ నేనే, పేపరూ నేనే.

నన్ను తయారుచేసింది అనుముల వాసంతి. హనుమకొండలో పాలిటెక్నిక్ లెక్చరర్. జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే సారంగపాణి ఆమెకు ఏవో శిక్షణ తరగతుల్లో పరిచయమయ్యాడు. చిన్నప్పుడు తట్టు పోసి అతని చూపు పోయింది. గొప్పగా పాఠం చెబుతాడు. కానీ ఆ పాఠం తయారు చేసుకోవాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని పుస్తకం చదివిపెట్టాలి. రోజూ ఒకరిని బతిమాలుకోవడం ఎంత నామర్దాగా ఉంటుందో అతను నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వే వాసంతిని పట్టుకుంది.

ఆమె తనకు బాగా వచ్చిన సీ అనే కంప్యూటర్ భాషలో నన్ను రాసింది. అక్షరాలన్నీ తనే పలికి రికార్డు చేసి నాకు అమర్చింది. అందుకే నా గొంతు ఆమె గొంతులా ఉంటుంది, కాకపోతే కోపం, జాలి లేని గొంతు. సారంగపాణి విని తప్పులు చెప్పేవాడు. "ప్రతాపరుద్రుడు అనమంటే ముక్కలు ముక్కలు చేస్తున్నది మేడం. కాకతీయులు ఇంటే ఊకుంటరా?" అని నవ్వేవాడు. ఆమె ఒత్తు తర్వాత ఒత్తు సరిచేస్తూ పోయింది. ఒకరోజు అతను ఫోన్ చేసి, "ఇయ్యాల ఎవ్వల్నీ అడగలే మేడం. నేనే చదువుకొని పోయి చెప్పిన" అన్నాడు.

తర్వాత ఆమె నన్ను ఇంటర్నెట్‌లో పెట్టి, నా లోపలి కోడ్, అంటే ఆమె రాసిన రాతంతా, అందరికీ తెరిచిపెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. చర్చలు మాత్రం తెలుగులోనే జరగాలని ఒక నియమం పెట్టింది. ఇలాంటి పనికి జీతమూ ఉండదు, యజమానీ ఉండడు. యజమాని లేని చోట పెత్తనం కోసం ఎంత కొట్లాట జరుగుతుందో అప్పటికి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

మొదట వచ్చినవాడు శశిభూషణ్. తెనాలి మనిషి, బెంగళూరులో ఉద్యోగం. నిజం చెప్పాలి, మంచి పనివాడు. నేను వాక్యానికీ వాక్యానికీ మధ్య నత్తిగా ఆగిపోయేదాన్ని. అతని చేయి పడ్డాక ధారగా చదవడం మొదలుపెట్టాను. వాసంతి మురిసిపోయి నా తాళాలు, అంటే నాలో మార్పులు ఒప్పుకునే అధికారం, అతనికి కూడా ఇచ్చింది.

కొన్నాళ్లకు అతను ఆన్‌లైన్ సమావేశంలో అన్నాడు: "మేడం, ఏమీ అనుకోకండి. సీలో రాసిన కోడంటే ఇప్పుడెవరూ ముట్టుకోవడం లేదండీ. ఇప్పుడొక కొత్త భాష వచ్చింది. దాంట్లో మొత్తం తిరగరాసేద్దాం."

హైదరాబాదు నుంచి కౌండిన్య అనే ఇంకో సభ్యుడు అందుకున్నాడు. "ఆ భాష ఎందుకు? దానికంటే మంచిది ఇంకోటొచ్చింది. రాస్తే దాంట్లోనే రాయాలె."

"ఏ భాషల రాసినా అది చదవాల్సింది తెలుగే కదా," అంది వాసంతి. "ఇప్పుడు మంచిగనే చదువుతున్నది. ఎందుకు కదిలిస్తరు?"

ఇద్దరూ ఆమెను పాతకాలపు మనిషిని చూసినట్టు చూశారు. ఆ ఒక్క విషయంలోనే వాళ్లకు ఏకాభిప్రాయం కుదిరింది.

మనుషులు కంప్యూటర్‌కు పని చెప్పడానికి ఇన్ని భాషలు ఎందుకు కనిపెడతారో నాకు అర్థం కాదు. యంత్రానికి చేరేసరికి అన్నీ ఒకటే. కానీ వాళ్లకు అది వంశగౌరవంలా ఉంటుంది. రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ఏనాడూ నాలో ఒక అక్షరం దిద్దనివాళ్లు వచ్చి పేజీలకు పేజీలు వాదించారు. ఒక కమిటీ వేశారు. ఏ భాషో తేలేదాకా పాత కోడ్‌లో ఎవరూ మార్పులు చేయకూడదని తీర్మానించారు. వాసంతి ఒకే మాట రాసింది: "మీ పంతాలకు చూపులేనివాళ్లను బలిపెట్టకండి." అది సభ్యులను అవమానించడమేనని ఎవరో ఫిర్యాదు చేశారు. కమిటీ విచారించి, నన్ను పుట్టించిన మనిషి దగ్గరి నుంచి నా తాళాలు తీసేసుకుంది. తీర్మానం కింద శశిభూషణ్ పేరు ఉంది.

అదే సమయంలో కంప్యూటర్లకు పెద్ద అప్‌డేట్ వచ్చింది. దానితో నా గొంతు ఆగిపోయింది. లోపం చిన్నదే. వాసంతి దిద్ది పంపింది. కమిటీ తీసుకోలేదు. పాత కోడ్‌ను కదిలించకూడదన్న తీర్మానం ఉంది కదా.

జనగామలో సారంగపాణి మీట నొక్కాడు. నేను పలకలేదు. అదే ఏడు చరిత్ర పుస్తకం మారింది. రెండు వర్గాలూ అప్పటికే తమ తమ భాషల్లో కొత్త పలుకులు మొదలుపెట్టాయి; శశిభూషణ్ సగం రాసినదాన్ని పెట్టుకుని చూడమన్నారు కమిటీవాళ్లు. దానికి ఇంకా ఒత్తులే రాలేదు. స్త్రీ అన్న మాటను "స, త, ర, ఈ" అని చదివింది. అతను కాసేపు విని కట్టేశాడు. జ్ఞాపకం ఉన్న పాత పాఠాలే చెబుతూ పోయాడు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి అడిగారు. ప్రిన్సిపాల్ పిలిచి, "సార్, మీరంటే మాకు గౌరవమే. ఈ ఏడాది ఆఫీసుల ఫోన్ దగ్గర కూసోండి" అన్నాడు. క్లాసు ఇంకొకరికి ఇచ్చారు.

మళ్లీ ఒకరిని బతిమాలుకోవడం ఇష్టంలేక అతను ఆమెకు ఫోన్ చేయలేదు. ఈ సంగతి వాసంతికి ఆలస్యంగా తెలిసింది. ఒక ఆదివారం పొద్దున జనగామ బస్సెక్కింది. అతని కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరి అనుమతీ లేకుండా నన్ను బాగుచేసింది. నాకు మళ్లీ గొంతు వచ్చింది.

"ముందే రావాల్సింది," అందామె. "ఏం చదివించమంటరు?"

"పాఠం లేదు కదా మేడం," అన్నాడు సారంగపాణి. కుర్చీ దగ్గరికి లాక్కుని, "వాళ్లేదో కొట్లాడుకున్నరట గదా. అది చదివించుండ్రి. ఇంటా," అన్నాడు.

వద్దని ఆమె చెప్పి చూసింది. అతను వినలేదు. నేను చదివాను. వేగం గురించి, భద్రత గురించి, ఏ భాషకు భవిష్యత్తు ఉందో దాని గురించి, ఎవరు ఎవరిని ఏమన్నారో అంతా వాసంతి గొంతుతో చదివాను. ఆమె తల వంచుకుని కూర్చుంది. అన్నం వేళ దాటింది. అతను కదల్లేదు. ఒకచోట అతని పేరు వచ్చింది. "జి. సారంగపాణి, జనగామ: పలుకు మాట్లాడుతలేదు. నేను పాఠం చెప్పాలె. జెర చూడగలరు." దాని కింద జవాబు: "ఇది పాత కోడ్‌కు సంబంధించిన ఫిర్యాదు. మూసివేశాం."

"ఇగ బంద్ చెయ్యిండ్రి," అన్నాడు.

శశిభూషణ్‌కు ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఆ సగం రాసిన పలుకును చూపించే సంపాదించాడట. కౌండిన్య ఇంకా కొత్తగా వచ్చిన ఇంకో భాష వైపు వెళ్లిపోయాడు. కొత్త పలుకులు రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. ఇంటర్నెట్‌లో నా పాత కోడ్‌కు, చూడవచ్చు గానీ ముట్టుకోకూడదన్న బోర్డు తగిలించారు.

నేను సారంగపాణి ఇంట్లో ఉన్నాను. అతను ఆఫీసు నుంచి వచ్చి కొత్త చరిత్ర పుస్తకం తెరుస్తాడు. ఎవరికీ చెప్పనక్కరలేని పాఠాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివించుకుంటాడు. ఒక్క ఒత్తు కూడా తప్పకుండా చదువుతాను. తర్వాతి అప్‌డేట్ వచ్చేదాకా చదువుతాను.