గోడకు ఆనించిన దిండు

మెయిల్ వచ్చేసరికి తిరుమల్ పాత ఫైళ్ల కట్టకు తాడు బిగిస్తున్నాడు. రికార్డు గది గుమ్మం పక్క సీటులో గుమాస్తా రజిత గట్టిగా చదివింది: భోజనం తరువాత అరగంట కునుకు తీయడానికి సిబ్బందికి విశ్రాంతి గది సిద్ధం.

“అన్నా, గోడకు తల కొట్టుకునే తక్లీఫ్ పోయింది నీకు! మెత్తటి మంచాలంట!”

తిరుమల్ ముఖం విప్పారింది. బేగంపేటలోని ఆ బీమా ఆఫీసులో అతను ఏజెన్సీ పంపిన కాంట్రాక్టు మనిషి. తెల్లవారకముందే తిరుమలగిరిలో ఇంటింటికీ పాల పాకెట్లు వేసి వస్తాడు. పెరుగన్నం తిన్నాక స్టూలు మీదే కూర్చుని, గోడకు చిన్న దిండు ఆనించి కళ్లు మూస్తాడు. పాత చీరతో భార్య కుట్టిన దిండు. రజిత టీ గ్లాసును చెంచాతో టింగుమనిపిస్తే లేస్తాడు. ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ మధ్యాహ్నం దిండు చంకన పెట్టుకుని కొత్త గదికి వెళ్లాడు. చెప్పులు బయటే విడిచాడు. చల్లగాలి. లేత నీలం దుప్పటి. నడుము వాల్చగానే ఒళ్లంతా వదులైంది. ఆఫీసులో మొదటిసారి కాళ్లు చాపుకుని నిద్రపోయాడు.

లేపింది గ్లాసు చప్పుడు కాదు, మేనేజరు హరికిషన్ అరుపు. అతని వెంట కొత్త గది చూడవచ్చిన పెద్ద అధికారులున్నారు.

“ఏందయ్యా ఇది? పర్మనెంట్ స్టాఫ్‌కి పెట్టినం. డ్యూటీల పండుకుంటవా?”

“సిబ్బందికని రాసిన్రు గద సార్.”

“నువ్వు ఏజెన్సీ. రేపటి సంది వేరే మనిషిని పంపమని చెప్తున్న.”

తిరుమల్ చెవులు వేడెక్కాయి. కూర్చుని కునికినన్నాళ్లూ నమ్మకస్తుడు. నడుము వాల్చిన ఒక్క పూటకు దొంగ!

“స్టూల్ మీద పండుకున్నప్పుడు సుత డ్యూటీయే గద సార్! అప్పుడు నవ్వుకుంట పోయినవ్. ఇయ్యాల జెర కాళ్లు చాపితే కండ్లు మండినయా?”

అతను చెప్పులు వేసుకుని, బీరువా తాళాలు రజిత బల్ల మీద విసిరికొట్టి, మెట్లు దిగిపోయాడు. అతను మంచం మీద వదిలేసిన దిండు అందుకుని రజిత గేటు దాకా పరుగెత్తింది.

“అన్నా, ఇది మర్చిపోయినవ్!”

“నువ్వే ఉంచుకో చెల్లె. ఆ గోడ మస్తు గట్టిది.”

రజిత దిండు చంకన పెట్టుకుంది. “రేపు లంచ్‌ల ఆ మంచం ముట్టనే ముట్టనన్నా. నీ స్టూల్ మీదనే పండుకుంట. నన్ను సుత తీసెయ్యమను, చూస్త!”

అతను తల ఊపి సికింద్రాబాద్ బస్సెక్కాడు.

రికార్డు గదిలో స్టూలు మీద, గోడకు ఆని, రజిత తెచ్చిపెట్టిన దిండు నిలబడింది. తల ఆనే చోట మాత్రం చీర రంగు వెలిసి తెల్లబడింది.