ఊద్ అంటిన చెయ్యి

నల్గొండలోని హలీమా బీబీ ఇంటికి గొంగళ్లు నేసేది మల్లప్ప, వాటిని తీసుకెళ్లి ఇచ్చేది అతని భార్య సుక్కమ్మ. పోలీసు యాక్షన్ తర్వాత ఆ వీధిలోని కుటుంబాలు చాలా వరకు పట్నం వెళ్లిపోయాయి. బీబీ మాత్రం మంచాన పడ్డ భర్తతో ఉన్నచోటే ఉండిపోయింది. ఇంటికి వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి సుక్కమ్మ వెళ్తే చాయ్ ఇచ్చి, కూర్చోబెట్టి, ఒక పట్టాన వదిలేది కాదు.

ఆ చలికాలం మొదట్లో సుక్కమ్మ వెళ్లినప్పుడు బీబీ అల్మారాలోంచి చిన్న సీసా తీసింది. ఆమె అన్న హజ్ నుంచి తెచ్చిన ఊద్ అత్తరు అది, అగరు చెక్క నుంచి తీసింది. గాజు పుల్లతో సుక్కమ్మ కుడి మణికట్టు నుంచి వేళ్ల దాకా సన్నగా రాసింది.

సుక్కమ్మ వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

"అమ్మా, గిది మేకపోతు వాసనొస్తాంది."

బీబీ గట్టిగా నవ్వింది. "ముందుగాల అట్లనే ఉంటది. రుద్దకు, కడగకు. నీ ఒంటి వేడికి అదే మారుతది. ఇంటికి పోయేదాక చూడు."

బస్సులో పక్కనున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సుక్కమ్మ చేతిని చీర మడతల్లో దాచుకుంది. నకిరేకల్ దాటాక ఒకసారి వాసన చూస్తే మేకపోతు జాడ లేదు. కాలిన చెక్క, పొగ, కొత్త తోలు చెప్పుల వాసన ఉంది. కేతేపల్లిలో దిగి తమ పల్లె దారి పట్టేసరికి ఆ పొగ కింద నుంచి తేనెపట్టు పిండినప్పటి తీపి లేస్తోంది. అది సీసాలో నుంచి కాక తన ఒంట్లోంచే పుడుతున్నట్టు అనిపించింది. ఉన్ని, పేడ, గొంగడికి పట్టించే చింతగింజల గంజి తప్ప మరో వాసన ఎరగని చెయ్యి అది. దారంతా దాన్ని మాటిమాటికీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ నడిచింది.

ఇంటికి చేరేసరికి దొడ్డిలో నల్ల గొర్రె ఈనుతోంది. మొదటి పిల్ల తేలిగ్గానే పడింది. రెండోది అడ్డం తిరిగింది.

"జల్ది రా బిడ్డా, నా చేతులు వణుకుతున్నయ్," అంది అత్త నర్సింగమ్మ.

ఊళ్లో ఎవరి గొర్రె ఈనలేకపోయినా సుక్కమ్మనే పిలిచేవారు. ఆమె వెంటనే కూర్చుని, చెయ్యి పెట్టి, పిల్లను సరిచేసి బయటికి లాగింది. మూతి మీది జిగట తుడిచి తల్లి ముందు పెట్టింది. గొర్రె వాసన చూసి వెనక్కి జరిగింది. మళ్లీ పెడితే తలతో పొడిచింది. మొదటి పిల్లను మాత్రం నాకుతూనే ఉంది.

నర్సింగమ్మ వంగి పిల్లను వాసన చూసింది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఏం పూసుకున్నవే?"

సుక్కమ్మ చెప్పింది. అత్త తిట్టలేదు. "నువ్వు జర దూరముండు," అని మాత్రం అంది.

సుక్కమ్మ బూడిదతో, కుంకుడు రసంతో చెయ్యి తోముకుంది. లోపల నర్సింగమ్మ, తల్లి నాకుతుందేమోనని పిల్లకు ఉప్పు రాసింది, తల్లి పాలు పూసింది. అయినా గొర్రె దాన్ని దగ్గరికి రానివ్వలేదు. మంద తోలుకొచ్చిన మల్లప్ప అంతా విని, భార్య పక్కన కూర్చున్నాడు.

"జంట పిల్లలైతే ఒకదాన్ని కొట్టుడు కొన్ని గొర్లకు ఉంటది. నీ చెయ్యే అని ఎట్లంటవ్?"

ఆ మాట ఆమెకు ఎక్కలేదు. గుడ్డ వత్తితో మేకపాలు పట్టినా పిల్ల సరిగా మింగలేదు. మర్నాడు మధ్యాహ్నానికి చచ్చిపోయింది. అప్పటికీ సుక్కమ్మ చేతికి ఆ వాసన ఉంది. నిన్నటికంటే మెత్తబడి, ఇంకా బాగుంది. బాగుందని తనకు తోచినందుకే ఆమె ఎక్కువ ఏడ్చింది.

చలి ముదిరాక మరో గొంగడితో వెళ్లింది. బీబీ చూడగానే సీసా తెచ్చింది.

"మారిందా, లేదా?"

"మారిందమ్మా. మస్తు మంచిగుండె."

బీబీ పుల్ల ముంచి చెయ్యి అడిగింది. సుక్కమ్మ చేతిని కొంగులోకి లాక్కుంది.

"ఇయ్యాల వద్దమ్మా."

బీబీ ఆగిపోయింది. "మా ఇంటి అత్తరు పూసుకున్నవని ఎవరన్న ఏమన్నరా?"

"అయ్యో, గట్ల కాదు. మా గొర్రె దాని పిల్లను తీస్కోలె. ఇంకా ఈనేటియి ఉన్నయి."

జరిగింది మొత్తం చెప్పింది కానీ, చెబుతుంటే అది దారిలో అల్లుకొచ్చిన సాకులా తన చెవులకే వినిపించింది. బీబీ చివరిదాకా విన్నది.

"గొర్రె వద్దన్నదన్నమాట," అని సీసా మూత పెట్టింది. ఆ రోజు చాయ్ ఇవ్వలేదు.

మరుసటి ఎండాకాలం సుక్కమ్మ తనంతట తానే ఒక చిన్న గొంగడి పట్టుకుని వెళ్లింది. పనిమనిషి గుమ్మం దగ్గరే అందుకుంది.

"బీబీకి పానం మంచిగ లేదు."

"మా దొడ్ల ఇప్పుడు ఈనే గొర్లు లేవని అమ్మకు చెప్పు," అంది సుక్కమ్మ.

పనిమనిషికి ఆ మాట అర్థం కాలేదు. సరేనని తలుపు వేసింది. లోపల భర్తకు ఏదో చదివి వినిపిస్తున్న బీబీ గొంతు బయటికి స్పష్టంగానే వస్తోంది. సుక్కమ్మ కాసేపు నిలబడి, బస్సు కోసం నడిచింది.