ఫిన్నుల పిల్ల, సెర్బుల పాలు

బ్యూట్ కొండ మీది రాగి గనుల ఊళ్ళో అందరూ దేశదేశాల నుంచి వలసొచ్చిన వాళ్ళే, సందుకో భాష. ఐరిష్ వాళ్ళ వీధి చివర సెర్బుల ఇళ్ళు, వాటి వెనక కంచె దాటితే ఫిన్నులు. సెర్బుల ఆడపడుచు స్తోయా కొడుకు పుట్టిన నెలలోపే జ్వరమొచ్చి పోయాడు. ఆ వారమే వెనకింటి ఫిన్ను తౌనో భార్య కాన్పులో కన్నుమూసింది. పసిగుడ్డును కోటులో చుట్టుకుని తౌనో స్తోయా గుమ్మంలో నిలబడ్డాడు.

పక్కింటి ఐరిష్ ముసలామె హనోరా అతన్ని లోపలికి నెట్టింది.

"గుడ్లప్పగించి నిలబడితే పాలొస్తాయా నాయనా? ఇవ్వు పిల్లని!"

స్తోయా చేతులు చాచింది. ఆకలితో కందిపోయిన ఆ ముఖం రొమ్ముకి అంటుకోగానే ఆమెకి ఏడుపు రాలేదు, నిద్ర ముంచుకొచ్చింది. కొడుకు పోయాక కంటినిండా నిద్రపోయింది ఆ పూటే.

ఆ పిల్లకి ఐలీ అని పేరు పెట్టారు, స్తోయా ఇంట్లోనే పెరిగింది. తౌనో గనిలోంచి పైకొచ్చాక రోజూ స్తోయా వంటింట్లో కూర్చునేవాడు. పిల్లకి మాటలొచ్చాయి, అన్నీ సెర్బు మాటలే.

"నా కూతురు నన్ను తిడుతోందో ముద్దుచేస్తోందో తెలీట్లేదక్కా," అనేవాడు, అందరికీ వచ్చిన ముక్కల ఇంగ్లీషులో.

"తిడుతోందిలే తమ్ముడూ. బూట్లు విప్పి రమ్మంటోంది."

"తాగింది సెర్బు పాలు, జుట్టు ఫిన్ను జుట్టు. అరుపు మాత్రం అచ్చం మా ఐరిషే!" అనేది హనోరా.

ఐలీకి రెండేళ్ళు దాటాక, పెంచడానికి ఫిన్లాండ్ నుంచి తౌనో చెల్లెలు హిల్యా దిగింది. ఫిన్ను తప్ప మరో ముక్క రాని మనిషి. రక్తసంబంధం కదా, స్తోయా కాదనలేదు. పిల్ల గౌన్లు ఇస్త్రీ చేసి మడతపెట్టి ఇచ్చి, తలుపేసుకుంది. ఆ రోజు భర్త వుకాశిన్ తనే చారు కాచి ముందు పెడితే, "ఉప్పెక్కువైంది," అని రుచి చూడకుండానే గిన్నె తోసేసింది.

వారం తిరక్కుండానే ఓ మధ్యాహ్నం హిల్యా వచ్చింది. చంకలో ఐలీ, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. హిల్యా కళ్ళూ వాచి ఉన్నాయి. పిల్ల అడుగుతున్న మాటనే తడబడుతూ పలికింది.

"హ్లేబ్? హ్లేబ్?"

"అయ్యో తల్లీ, రొట్టె! రొట్టె అడుగుతోంది!"

స్తోయా రొట్టె విరిచి పెట్టింది. పిల్ల ఆబగా తింటుంటే హిల్యా ముఖం కప్పుకుంది. ఇన్నాళ్ళూ పిల్ల ఆ మాట అడిగినప్పుడల్లా నీళ్ళిచ్చింది, బొమ్మిచ్చింది, టోపీ ఇచ్చింది పాపం. స్తోయా ఆమె ముందుకి కుర్చీ లాగింది. సాయంత్రం దాకా ఇద్దరూ లేవలేదు.

శనివారం హిల్యా చెయ్యి పట్టుకుని స్తోయాని తమ ఆవిరి స్నానాల గదికి లాక్కెళ్ళింది.

"బట్టలన్నీ విప్పి ఉడుకుతారటే! పాదిరీని పిలవమంటావా?" అని హనోరా వెనకనుంచి కేకేసింది.

స్తోయా సిగ్గుతో ముడుచుకు కూర్చుంది. హిల్యా తన వీపు రుద్దుతుంటే స్తోయా ఉన్నట్టుండి, "రాదే," అంది. కొడుకు పేరు. వాడు పోయాక పైకి పలకనే లేదు. ఏమిటన్నట్టు చూసింది హిల్యా. స్తోయా చేతుల్నే ఉయ్యాలలా ఊపి చూపించి, ఆ చేతులు మెల్లగా విడదీసింది. హిల్యా చెంబు కిందపెట్టి, తడి చెంప ఆమె వీపుకి ఆనించింది.

మర్నాడు తౌనో, వుకాశిన్ కలిసి కంచె పలకలు నాలుగు పీకేశారు. ఐలీ ఆ ఇంట్లో తిని, తినలేదని ఈ ఇంట్లో చెప్పి మళ్ళీ తినేది. చలికాలం వచ్చేసరికి గౌన్లన్నీ వదులు చేయాల్సొచ్చింది.