భీమశంకరరావు గారి అనాసపండు

ఆమదాలవలసలో బియ్యం వ్యాపారం చేసే భీమశంకరరావు కొత్త మేడ కట్టి, గేటు పక్కన పెద్ద సైకస్ చెట్టు నాటించాడు. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. ఎండలు ముదిరేసరికి దాని నడినెత్తిన మూరెడు పొడుగున, పసుపుపచ్చగా, కాయలాంటిదొకటి లేచింది.

“సీతంపేట అనాసలు దీని ముందర దిగదుడుపే. ఇది ఫారిన్ అనాస!” అని వీధంతా చెప్పుకున్నాడు.

డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే మేనకోడలు హైమ, మేడ చూసి నాలుగు రోజులుండి పోదామని వచ్చి, దాన్ని చూసి ఆగింది.

“అది పండు కాదు మావయ్యా, మగ శంకువు. లోపల పుప్పొడి తప్ప ఏమీ ఉండదు. భూమ్మీద పువ్వులు పుట్టకముందు నుంచీ ఉన్న జాతి ఇది. దీనికి పువ్వూ లేదు, పండూ లేదు. తినకండి, చెట్టంతా విషం.”

“కళ్లెదురుగా పండు కనబడతంటే నువ్వేటే సెప్తన్నావు? సదువెక్కువైనోళ్లకి అన్నీ విషాలే.”

ఆదివారం వ్యాపారుల సంఘం పెద్దల్ని టిఫిన్లకి పిలిచి, అందరి ముందూ కత్తితో కోశాడు. పచ్చటి పొడి గుప్పుమని తెల్ల చొక్కాలన్నిటి మీదా పడింది. ముక్కు పగిలే వాసన. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సంఘం అధ్యక్షుడు నరసింగరావు ధైర్యం చేసి ఓ ముక్క నమిలాడు.

“అబ్బో! మంచి రుచున్నాది.”

దాంతో అందరికీ రుచి తెలిసింది. కాస్త ఉప్పుంటే బాగుణ్నని ఒకాయన అన్నాడు. హైమ వద్దు వద్దని మొత్తుకుంటుంటే, ఆమెకి చూపించడానికే భీమశంకరరావు రెండు ముక్కలు ఎక్కువ తిన్నాడు.

మధ్యాహ్నానికి పెద్దలంతా పెరట్లో వరసగా వంగి వాంతులు చేసుకున్నారు. “రుచి మంచిదే, వంటికి పళ్లేదంతే,” అన్నాడు నరసింగరావు మూతి తుడుచుకుంటూ. భీమశంకరరావు భార్య కమలాదేవి మజ్జిగ గ్లాసు తెచ్చి, “ఇంకో ముక్క కొయ్యమంటారా?” అని భర్తనడిగింది.

మర్నాడు భీమశంకరరావు మంచం మీద నీరసంగా పడుకుని, మేనకోడల్ని పిలిచాడు. “పోనీ, ఆడసెట్టు తెచ్చి పక్కనెడితే పండొస్తాదేటే?”

“విత్తనం వస్తుంది, పండు రాదు. విత్తనాన్ని పండులో దాచడం తర్వాత పుట్టిన పూలమొక్కలు నేర్చుకున్నాయి. దీని విత్తనాలు ఆకులాంటిదాని అంచున నగ్నంగా ఉంటాయి.”

భీమశంకరరావు దిగ్గున లేచి కూర్చున్నాడు.

“నగ్నంగానా? నా గేటు కాడా? సంఘపోళ్లు సూస్తే పరువేటవుతాది!”

సాయంత్రానికల్లా చెట్టు తవ్వించేసి, ఆ చోట ప్లాస్టిక్ గులాబీల కుండీలు రెండు పెట్టించాడు. శుక్రవారం శుక్రవారం కమలాదేవి వాటి దుమ్ము దులుపుతుంది.